ఎండలో చూసి కొన్న చీర

మా దుకాణంలో నిలువుటద్దం పక్కన ఒక దీపం ఉంది. దానికి సొగసూ లేదు, సోకూ లేదు. తెల్లగా, చప్పగా వెలుగుతుంది. మిగతా దీపాల కింద రాణుల్లా మెరిసిపోయే చీరలు దీని దగ్గరికి రాగానే ముఖం కడుక్కున్న మనుషుల్లా అయిపోతాయి. కొత్తగా చేరిన అమ్మాయిలు "ఇక్కడ చూపిస్తే చీర అమ్ముడుపోదక్కా" అని గొణుగుతారు. అమ్ముడుపోతుంది, పైగా వెనక్కి రాదు అని నేను కసురుతాను. ఆ దీపం పెట్టించింది మా మేనేజరుగారే. అంతకు ముందు అలాంటి దీపం పెడదామని ఎవరన్నా అంటే కొట్టడానికి వచ్చేవారు. ఆయన మనసు ఎందుకు మారిందో చెప్పాలంటే దుమ్ము రేగిన ఒక శుక్రవారం సంగతి చెప్పాలి.

మాది జగిత్యాల వైపు. మా ఆయన కువైటులో, అహ్మదిలో ఒక కాంట్రాక్టరు కింద టెక్నీషియన్. పొద్దున కంపెనీ బస్సెక్కితే మళ్లీ చీకటి పడేవేళకే రావడం. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే నోరు ఊరుకోదు, గోడలతో అయినా తగవు పెట్టుకుంటుంది. అందుకని హవల్లీలో ఈ చీరల దుకాణంలో చేరాను. చేరింది చీరలు మడతపెట్టడానికి. మెల్లగా బొమ్మలకు చీరలు కట్టడం, ఏ రంగు ఎక్కడ పెట్టాలి, ఏ దీపం ఎటు తిప్పాలి అనేవన్నీ నా నెత్తిన పడ్డాయి. పడ్డాయి అనడం కూడా తప్పే. నేనే లాక్కున్నాను.

మా దుకాణం నేలమాళిగలో ఉంది. ఇక్కడివాళ్లు సర్దాబ్ అంటారు. పైన ఫోన్ల దుకాణాలు, వాటి పక్కనుంచి మెట్లు దిగితే మేము. సూర్యుడు పై మెట్టు దాకా వచ్చి ఆగిపోతాడు. కాబట్టి లోపల పగలు అనేది మేమే స్విచ్చు వేసి పుట్టించుకోవాలి. మొదట్లో అంతా ట్యూబులైట్లు. వాటి కింద పట్టుచీర కూడా ఆసుపత్రి దుప్పటిలా కనపడేది. కొనడానికి వచ్చినవాళ్ల ముఖాలు కూడా అలాగే ఉండేవి, అద్దంలో చూసుకొని "ఏమో, నాకు నప్పలేదు" అని పోయేవాళ్లు. నప్పనిది చీర కాదు, నెత్తిమీది ట్యూబు. నడినెత్తి మీంచి వెలుతురు పడితే ఎవరి కళ్ల కిందనైనా నల్లటి గుంటలు పడతాయి. పెళ్లికూతురు కూడా వారం రోజులు జ్వరపడి లేచినట్టు ఉంటుంది.

మేనేజరుగారిది రాజమండ్రి దగ్గర. మంచి మనిషి, కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఒకసారి పెద్ద మాల్‌లో బంగారం దుకాణం చూసివచ్చి ట్యూబులన్నీ పీకించి, పసుపుపచ్చని చిన్న ఫోకస్ లైట్లు పెట్టించారు. నిజం చెప్పొద్దూ, జరీ భగ్గుమంది. నేనూ మురిసిపోయాను. ఆ తర్వాత నా తంటాలు మొదలయ్యాయి. దీపం చీరకు ఎదురుగా పెడితే జరీ అంతా ఒకే మెరుపై కంటికి కొడుతుంది, పనితనం కనపడదు. కాస్త పక్కకు వంచితే ఒక్కో బుటా లేచి నిలబడుతుంది. అన్ని అరల మీదా సమానంగా వెలుగు పోస్తే కన్ను ఎక్కడా ఆగదు. నాలుగు బొమ్మల్లో ఒకదాని మీద ఎక్కువ వేసి, మిగతావాటిని కొంచెం నీడలో ఉంచితే జనం తిన్నగా ఆ ఒక్కదాని దగ్గరికే వస్తారు. మెట్ల మీది అద్దాల కిటికీ అయితే మరీ మొండిది. బయట కువైటు ఎండ మండుతుంటే ఆ అద్దంలో రోడ్డు, కార్లు, చూసేవాళ్ల ముఖమే తప్ప లోపలి చీర కనపడదు. అక్కడ మాత్రం దీపం గట్టిగా ఉండాలి, వెనక గోడ లేతరంగుది కావాలి. ఇదంతా ఎవరూ నేర్పలేదు. నిచ్చెనెక్కి, చేతులు కాల్చుకొని, బొమ్మలను తిట్టుకుంటూ నేర్చుకున్నాను.

ఇంత చేసినా మా తెలుగు ఆడవాళ్లు నా దీపాలను నమ్మేవాళ్లు కాదు. అది వాళ్లకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఊళ్లో బట్టల షాపులో చీర నచ్చితే ఏం చేస్తారు? చటుక్కున లేచి గుమ్మం దాకా వెళ్లి, ఎండలో పట్టుకొని, అటూ ఇటూ తిప్పి చూస్తారు. షాపువాడి దీపం షాపువాడి పక్షమే మాట్లాడుతుందని వాళ్ల నమ్మకం. కువైటుకు వచ్చి ఎన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు. సల్వా, జాబ్రియా ఇళ్లలో పనిచేసే అక్కలు శుక్రవారం వస్తారు. చీర తీసుకొని, మెట్లెక్కి పైన తలుపు దగ్గరకు పోయి చూడందే కొనరు. మేనేజరుగారికి అది ఒళ్లుమంట. "దీపాలకి అంత ఖర్చెట్టాం, మళ్లీ ఆ ఎండెందుకండీ బాబూ" అని తల పట్టుకొనేవారు. చివరికి ఒక పద్ధతి పెట్టారు. చీర పైకి వెళ్లొచ్చు, కానీ దానితోపాటు దుకాణం మనిషి ఒకరు వెళ్లాలి. ఆ ఒకరు ఎప్పుడూ నేనే. మెట్లెక్కీ దిగీ నా మోకాళ్లు నన్ను తిట్టుకునేవి.

ఆ శుక్రవారం పొద్దున్నుంచే ఆకాశం మూసుకుపోయింది. దుమ్ము గాలి. మధ్యాహ్నమయ్యేసరికి ఊరంతా నారింజ రంగులోకి మారిపోయింది. ఎదురు భవనం కనపడదు, కార్లు పగలే లైట్లు వేసుకొని పాకుతున్నాయి. ఇవాళ ఎవరొస్తారులే అనుకుంటుంటే ముఖానికి దుపట్టా చుట్టుకొని ఒకామె మెట్లు దిగివచ్చింది. నాకంటే పెద్దది. రాయచోటి దగ్గర పల్లెట. సల్వాలో ఒక ఇంట్లో పని. ఆ ఇంటి డ్రైవరే తీసుకొచ్చాడు. పైన కారు ఆపే చోటు లేదని, మా మేనేజరుగారి నంబరు తీసుకొని, ఎక్కడో దూరంగా పోయి నిలబడ్డాడు.

ఆమె కూర్చుంటూనే చెప్పింది.

"పాపా, రేపు సాయంత్రం నా విమానం. బిడ్డ పెండ్లి. నాకూ బిడ్డకూ అన్నీ అయినాయి. మా వియ్యపురాలికి ఒక చీర కావల్ల. మంచిది సూపీ."

"ఎట్లాంటిది చూపియ్యాలె అక్కా?" అన్నాను.

"పసుపుది. పసుపులో బంగారు జరీ. ఆయమ్మ శానా పట్టింపు మనిషి. మొగుడూ పిల్లోళ్లతో పచ్చగా బతికే మనిషి, కుంచెం గొప్పలు జాస్తి. నిశ్చయానికి నేను పోలేదు కదా, అప్పుట్నించీ ఒకటే మాట, తల్లి రాని నిశ్చయమని. నేనేం సేసేది? మామా అప్పుడు సెలవు ఇయ్యలేదు. ఇప్పుడు పోయి, పసుపూ కుంకమ పెట్టి, ఆ చీర నా సేత్తో ఇయ్యల్ల. నేను నోటితో సెప్పుకోలేంది ఆ చీరే సెప్పల్ల."

మామా అంటే ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు. నవ్వుతూనే అంది గానీ చేతులు మాత్రం ఒళ్లో ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. నాకు ఆమె మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. బిడ్డ నిశ్చితార్థం ఫోనులో చూసిన తల్లి. ఆమె ఇంకేదో అనేలోపే అరలన్నీ దించడం మొదలుపెట్టాను.

ఎన్ని చూపించానో. చివరికి రెండు మిగిలాయి. రెండూ ఒకే నేతగాడివి, ఒకే బుటా. ఒకటి లేత పసుపు, సన్నని బంగారు జరీ అంచు. రెండోదానికి అంచు పెద్దది. మా పసుపుపచ్చని ఫోకస్ లైట్ల కింద రెండూ జంట దీపాల్లా ఉన్నాయి. ఆమె రెండింటినీ రెండు చేతుల్లో పట్టుకొని లేచింది.

"ఎండలో సూస్తాం పా."

"ఎండేడున్నదక్కా, దుమ్మున్నది" అన్నాను.

"దుమ్మయినా పగలు పగలే."

మాటలో న్యాయం ఉంది. పైకి వెళ్లాం. తలుపు కొంచెం తెరవగానే గాలి ఇసుక చల్లింది. చీరలకు నా దుపట్టా అడ్డం పట్టాను. ఆమె ముందుకు వంగి, క్షణం సేపు రెండింటినీ చూసింది. నేనూ చూశాను. రెండూ చక్కటి పసుపు, రెండూ బంగారు జరీ. ఆమె పెద్ద అంచుది గుండెలకు హత్తుకుంది.

"ఇదే. సూడు ఎట్లుండాదో, పసుపుముద్ద మాదిరి."

"మంచిగున్నదక్కా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఇంతలో కిందనుంచి మేనేజరుగారు పిలిచారు, డ్రైవరు ఫోన్ చేశాడని. ఆమె గబగబా డబ్బు కట్టి, సంచి పట్టుకొని, నా బుగ్గ నిమిరి, ఆ నారింజ దుమ్ములోకి వెళ్లిపోయింది. మిగిలిన చీర బల్ల మీద అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున దుమ్ము పోయింది. కడిగినట్టు నీలంగా ఆకాశం. మెట్ల మీది అద్దాల కిటికీకి అంగుళం మందాన మట్టి. దాన్ని తుడిచి, అందులో బొమ్మకు కొత్త చీర కడదామని బల్ల మీది చీర పట్టుకొని పైకి వెళ్లాను. ఎండలో అది లేత పసుపుగా మెరిసింది. బాగుంది. పక్కనే దాని జోడీ, అదే నేతవాడి తెల్లచీర పెడితే ఇంకా బాగుంటుంది అనిపించింది. మల్లెపువ్వు తెలుపు, పెద్ద వెండి జరీ అంచు. కిందికి వచ్చి ఆ తెల్లచీర కోసం వెతికాను. అరలో లేదు, గోదాములో లేదు. ఏ బొమ్మ ఒంటి మీదా లేదు.

పసుపు చీర అంచు మళ్లీ చూశాను. సన్నది.

పెద్ద అంచు. నిన్న ఆమె గుండెలకు హత్తుకున్న చీరకు పెద్ద అంచు. పసుపు వెలుతురులో తెలుపు కూడా పసుపే. వెండి కూడా బంగారమే. లోపల నా దీపాలు పసుపు, బయట ఆ దుమ్ము పగలు పసుపు. ఎండలో చూస్తే నిజం తెలుస్తుందని మా జనం నమ్మకం, దుమ్ము రోజున ఎండే అబద్ధమాడుతుందని మాకెవరికీ తోచలేదు. ఊళ్లో ఇంతమంది తల్లులు, అమ్మమ్మలు గుమ్మం దగ్గర నిలబడి చీరలు చూశారు గదా, వాళ్లలో ఎవరికీ ఆకాశం ఇలా నారింజ రంగులోకి మారి ఉండదు.

మేనేజరుగారి దగ్గరికి పరుగెత్తాను. "సార్, తెల్లచీర పోయింది!"

"దొంగతనవా?" అని లేచారు.

"కాదు సార్, నిన్నటి అక్క పట్కపోయింది. పసుపుదనుకొని. వియ్యపురాలికి పెట్టనీకి!"

ఆయన ముఖం చూడాలి. ముత్తైదువకు, అదీ పట్టింపులున్న పెళ్లికొడుకు తల్లికి, పెళ్లి పందిట్లో అందరి ముందూ పసుపు కుంకుమతో పాటు వెండి అంచు తెల్లచీర. పీటల మీది పెళ్లి ఆగిపోదేమో గానీ, ఆ మాట ఆ బిడ్డ బతికినంతకాలం అత్తవారింట్లో పోపు వేస్తున్నప్పుడల్లా వినపడుతుంది. అయినా ఆయన తన మామూలు ధోరణిలో తేల్చేద్దామని చూశారు.

"వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు కదమ్మా. మన బల్బు ఒకటే ఆడింది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "గా ఒక్కటి చాలు సార్ ఆమె కొంప ముంచనీకి. నవ్వులాటనా మీకు? మీ ఫోన్ల డ్రైవర్ నంబరున్నది, చెయ్యుండ్రి!"

పాపం, చేశారు. అతను ఎత్తడు. మళ్లీ చేస్తే ఎత్తడు. నేను పసుపు చీర సంచిలో పెట్టుకొని మెట్ల మీదే కూర్చున్నాను. విమానం సాయంత్రమని చెప్పింది, కానీ సాయంత్రమంటే ఎప్పుడు? ఇంటినుంచి ఎప్పుడు కదులుతుందో? ఒకవేళ విమానాశ్రయం లోపలికి వెళ్లిపోతే ఇక చేసేదేమీ లేదు. పెట్టె చెన్నైలో దిగి, తిన్నగా పందిట్లోనే తెరుచుకుంటుంది. ఎవరెవరినో తిట్టుకున్నాను. దుమ్మును, ఫోకస్ లైట్లను, నేతగాణ్ని, ఒకే బుటా రెండు రంగుల్లో ఎవడు నేయమన్నాడని. కోపం వస్తే నాకు న్యాయం అన్యాయం తెలియదు.

చివరికి అతనే తిరిగి చేశాడు. పిల్లల్ని ట్యూషన్‌లో దింపడానికి పోయాట్ట. బిల్లు మీది ఆమె పేరు చెప్పి విషయం చెబితే, కడప యాసలో "అయ్యో, పెట్టె కూడా కట్టేసినాది సారూ, మధ్యాన్నం అసర్ నమాజు అయినాక నేనే ఎయిర్‌పోర్టుకు తీసకపోవల్ల" అన్నాడు. ఇంటి గుర్తు ఫోనుకు పంపాడు. మేనేజరుగారు టాక్సీ పిలిచి, తలుపు తీసి పట్టుకొని, "నేనొత్తే ఆ ఇంట్లో బాగోదు. నువ్వెళ్లమ్మా. తెల్లచీర తేకపోయినా పర్లేదు, ముందు ఇది ఇచ్చెయ్" అన్నారు. ఆయన మీద ఉన్న కోపం అక్కడికక్కడే సగం పోయింది.

సల్వా వీధుల్లో టాక్సీ తిరుగుతుంటే ప్రతి గేటూ ఒకేలా కనపడింది. చివరికి చెప్పిన గుర్తు దొరికింది. నిమ్మరంగు గోడ, పెద్ద ఇనుప గేటు. గంట నొక్కాను. లోపలినుంచి ఆడగొంతు అరబ్బీలో ఎవరని అడిగింది. నేను ఆమె పేరు చెప్పాను. గొంతు ఆగింది. కొంచెం సేపటికి గేటు కాస్త తెరుచుకొని, ఇంటి యజమానురాలే బయటికి వచ్చింది. ఇంటి గౌను, చేతిలో ఫోను, నుదురు ముడి.

అప్పుడు తట్టింది నాకు, నేనేం చేశానో. పనిమనిషి ప్రయాణమయ్యే రోజున, ఎవరో తెలియని ఆడది, చేతిలో సంచితో గేటు ముందు నిలబడి ఆమె పేరు అడుగుతోంది. ఈ ఊళ్లో అలాంటివి చూసిన యజమానులు ఏమనుకుంటారో నాకు తెలియదా? ఈమెను ఎవరో తీసుకుపోతున్నారు, సెలవు పేరుతో ఇంకెక్కడికో పనికి మారుస్తున్నారు అనుకుంటారు. ఒక్క అనుమానం వస్తే చాలు, పాస్‌పోర్టు చేతికి రాదు, ప్రయాణం ఖలాస్. చీర మార్చబోయి ఆమె పెళ్లి ప్రయాణమే ఆపేస్తానా?

"ఆమెతో నీకేం పని?" అని మామా అడిగింది. వచ్చీరాని అరబ్బీలో అంత మాత్రం అర్థమైంది. నేను సంచి తెరిచి, చీర బయటికి తీసి, చేతుల మీద పరిచాను. "దుకాణం. హవల్లీ. నిన్న చీర... గలత్. రంగు గలత్" అన్నాను. మాటలు చాలక చీర చూపించి, పెట్టె చూపించినట్టు చేసి, తల అడ్డంగా ఊపాను. మామా నన్ను, చీరను మార్చి మార్చి చూసింది. ఆమె ముఖంలో ఏమీ తెలియలేదు. గేటు మరికొంచెం తెరిచి, లోపలికి చూస్తూ గట్టిగా పిలిచింది.

అక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. కొత్త చీర కట్టుకొని, తలకు నూనె పెట్టుకొని, ప్రయాణానికి సిద్ధంగా ఉంది. నన్ను చూసి ఆగిపోయింది.

"నువ్వా పాపా? ఈడికెందుకొచ్చినావు?"

విషయం చెప్పాను. ఆమె ముఖం బిగుసుకుపోయింది. నేను అనుకున్నట్టు భయంతో కాదు, అనుమానంతో.

"అదెట్లవుతాది? నేను ఎండలో సూసి కదా కొనింది? పెద్దంచు చీర నాకిచ్చేసినారని ఇప్పుడు సిన్నంచుది తెచ్చి మారస్తారా? నా చీర నేనియ్య."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎండలో పడి టాక్సీ కట్టించుకొని వస్తే, నన్నే దొంగను చేసింది. నోటిదాకా వచ్చిన మాటను మింగి, "అక్కా, నీ కాళ్లు మొక్కుత. ఒక్కసారి పెట్టె ఇప్పు. ఎండల వట్టుకొని చూడు. తర్వాత నీ ఇష్టం" అన్నాను.

పెట్టెను తాళ్లతో కట్టి, పైన టేపు చుట్టారు. మామానే లోపలికి పోయి కత్తెర తెచ్చింది. అక్క అయిష్టంగానే టేపు కోసి, బట్టలూ బొమ్మలూ పాలపొడి డబ్బాలూ తీసి, అడుగున భద్రంగా దాచిన కవరు తెరిచింది. నీడలో ఇంకా తెలియలేదు. లేచి వాకిట్లోకి నడిచి, ఎండలో మడత విప్పింది.

తెల్లచీర ఫెళ్లున వెలిగింది. అంచు పొడవునా వెండి.

నేను పక్కనే పసుపు చీర పరిచాను. రెండూ పక్కపక్కన. ఇక చెప్పాల్సింది ఏమీ లేదు. అక్క చూసింది, చూసింది, ఆ వాకిలి మెట్టు మీద అలాగే కూలబడిపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆయమ్మకు... తెల్లచీర. నా సేత్తో. పందిట్లో..."

"అయిపోయిందక్కా. అయిపోలేదు, తప్పిపోయింది. ఇగో, నీ పసుపు చీర ఇగో" అన్నాను.

ఆమె కాసేపు ఏడ్చింది. తర్వాత ఏడుపులోనే నవ్వు వచ్చేసింది. "ఎండ గూడా ఇట్ల మోసం సేస్తాదా పాపా? ఎండను గూడ నమ్మగూడదంటే ఇంగెవుర్ని నమ్మేది?" అంది. నేనూ నవ్వాను. ఆ నవ్వుతో పొద్దుటినుంచి ఛాతీ మీద కూర్చున్న బండరాయి దిగిపోయింది. హమ్మయ్య అని నాకు నేనే పైకి అనుకున్నాను. విమానం ఎక్కకముందే పట్టుకున్నాం. ఇంకేం కావాలి?

మామా మా మధ్యలో నిలబడి అంతా చూస్తోంది. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఆ రెండు చీరలు చూసి సంగతి పసిగట్టినట్టుంది. నుదుటి ముడి విడింది. వంగి, తెల్లచీర అంచు వేళ్ల మధ్య నలిపి చూసింది. వెండి జరీ ఆమెకు నచ్చింది. దాంతో ఇంటి గౌను కుట్టించుకుంటే బాగుంటుందని చేతులతో చూపించి, అది తనకు ఉంచేయమంది. రెండు చీరలకూ వెల ఒకటే కాబట్టి పసుపు చీర అక్కకు అలాగే వచ్చింది, తెల్లచీర డబ్బు మామా నా చేతిలో పెట్టింది. తెల్లచీర ఏం చేయాలా అని దారంతా బుర్ర బద్దలుకొట్టుకున్న నాకు ఆ బెంగ కూడా తీరిపోయింది.

పెట్టె మళ్లీ సర్దాం. ఈసారి ముగ్గురం. మామా పసుపు చీరను తనే మడత నలగకుండా పైన పెట్టి, ఒక సెంటు సీసా కూడా దాని పక్కన దోపింది. టేపు చుట్టేటప్పుడు అక్క పెట్టె మీద కూర్చుంది, నేను తాడు లాగాను.

వెళ్లొస్తానని గేటు దాకా వచ్చాను. వెనక మామా గొంతు వినపడింది. అరబ్బీలో అడుగుతోంది, ఈమె నీకేమవుతుందని. అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఉఖ్తి, మామా" అంది. మా చెల్లెలు అని.

నేను వెనక్కి తిరిగాను. అక్క పరుగులాంటి నడకతో నా దగ్గరికి వచ్చి, ఎవరో వింటారన్నట్టు గొంతు తగ్గించింది.

"ఏమనుకోవాకు పాపా, అబద్దం సెప్పినా. ఈ ఇంట్లో ఇన్నేండ్లుండానా, ఈ గేటు కాడికొచ్చి నా పేరు అడిగినోళ్లు ఎవురూ లేరు. ఒకరోజన్నా ఎవురూ లేరు. తీరా ఒక మనిషి వస్తే, దుకాణపామె అని సెప్పబుద్ది కాల్యా."